మద్దిచెక్క కొనేముందు: సిరొంచ అంగడి చెక్క, డబ్బా పొడి, మోకాళ్ల పొడి

మహారాష్ట్రలోని సిరొంచ వైపు ఏరుమద్ది చెక్క, అంటే అర్జున చెట్టు బెరడు, మూడు రూపాల్లో దొరుకుతుంది. అంగడి రోజున గోనెపట్టా మీద పరిచి అమ్మే విడి చెక్క ఒకటి. కిరాణా కొట్లలో, మందుల షాపుల్లో పెట్టే వంద గ్రాముల డబ్బా పొడి రెండోది. డబ్బా లేబులు మరాఠీలో ఉంటుంది. ఈమధ్య కొన్ని డబ్బాల్లో నాలుగు మడతల కాగితం కూడా పెడుతున్నారు, వాపు తగ్గించే గుణాన్ని ల్యాబులో పరీక్షించామని, ఎలాంటి హానీ లేదని. మూడోది పేరూ ఊరూ లేని ‘మోకాళ్ల పొడి’. అందులో మద్దిచెక్క ఉందన్నది అమ్మేవాడి మాట మాత్రమే. తీర్పు ముందే చెప్పేస్తాం: కొంటే చెక్కే కొనండి. డబ్బానే కావాలంటే ఆ కాగితాన్ని పక్కన పెట్టి బ్యాచ్ రిపోర్టు (ఆ విడత సరుకుకు చేసిన ల్యాబు పరీక్షల ఫలితం) అడగండి. మోకాళ్ల పొడి జోలికి పోవద్దు.

ముందు పేరు సంగతి. డబ్బా మీద ‘అర్జున్ సాల్ చూర్ణ’ అని చూసి ఇందులో సాలవృక్షం, అంటే గుగ్గిలం చెట్టు కలిపారేమోనని అనుకునే తెలుగువాళ్లున్నారు. మరాఠీలో సాల్ అంటే బెరడు, అంతే. జాగ్రత్తపడాల్సిన మాట ఇంకొకటి ఉంది, ‘ఐన్’. అది మన నల్లమద్ది. ఏరుమద్ది, నల్లమద్ది రెండూ టెర్మినేలియా అనే ఒకే వర్గం చెట్లే, రెండింటి ఆకులూ దసలి పట్టుపురుగు మేస్తుంది. ఏరు దాటి చెన్నూరు, మహదేవపూర్ వైపు దసలి పెంచేవాళ్లను అడిగితే దూరం నుంచే ఏది ఏదో చెప్తారు. పొడి చేశాక మాత్రం వాళ్లూ చెప్పలేరు. అంగడిలో అమ్మేవాళ్లకు తెలుగు రాకపోతే ‘అర్జున్ కీ ఐన్?’ అని అడిగితే చాలు, దాచకుండా చెప్తారు. తెలియక ఏరేవాళ్లు ఉంటారేమో గానీ, మోసం ఎక్కువగా జరిగేది పొడి కొట్టే చోటే.

చెక్కను చేతిలోకి తీసుకుంటే చూడాల్సినవి ఇవి. ఏరుమద్ది మాను తెల్లగా, బూడిదరంగులో నున్నగా ఉంటుంది. పై తోలు పల్చని పెద్ద రేకులుగా దానంతటదే ఊడుతుంది. అందుకే చెక్క బయటి వైపు గోరుతో గీరితే కాగితంలాంటి పొర లేస్తుంది. లోపలి వైపు లేత గులాబి నుంచి ఎర్రమట్టి రంగు దాకా ఉంటుంది. విరిస్తే లోపలి భాగం టక్కున తెగుతుంది, బయటి భాగం పొరలుగా విడుతుంది. వంగి, సాగి, నారగా వేలాడితే ఇంకా ఆరలేదని అర్థం. నల్లమద్ది చెక్క వేరే తీరు: నల్లగా, మందంగా, నిలువునా అడ్డంగా పగిలి మొసలి వీపులా ఉంటుంది. ఆ పగుళ్లను చెక్కేసి లోపలి భాగమే అమ్మితే గుర్తుపట్టడం కష్టం, కాబట్టి బయటి తోలు లేని ముక్కలు తీసుకోవద్దు.

నాలుకకు పట్టే వగరు చూసి ఇదే అసలుదని చెప్పేవాళ్లు చాలామంది. వగరు టానిన్ వల్ల వస్తుంది, నల్లమద్దిలోనూ టానిన్ దండిగా ఉంది. తడి చెక్కను ఇనపకత్తితో కోస్తే సిరా రంగు రావడమూ అంతే. తుమ్మచెక్కకైనా, కరక్కాయకైనా ఆ రంగు వస్తుంది. సీసాలో వేసి ఊపితే నురగ రావడం సపోనిన్ల పని, దానితోనూ ఏమీ తేలదు. పిండి కలిపారేమోనని అయోడిన్ చుక్క వేసి చూసేవాళ్లుంటారు. ఈ చెక్కలో సహజంగానే కొంత స్టార్చి ఉంటుంది, కాబట్టి అక్కడక్కడా నీలం కనిపిస్తే కంగారు అక్కర్లేదు. గరిటెడు పొడి మొత్తం ముదురు నీలమైపోతే అనుమానించాలి. ఏ మద్దో గట్టిగా తేల్చాలంటే మైక్రోస్కోపో, పదార్థాలను చారలుగా విడదీసే హెచ్‌పీటీఎల్‌సీ పలకో కావాలి. ఆ పలక మీద అర్జునోలిక్ ఆమ్లం లాంటి గుర్తు పదార్థాల చారలను అసలు నమూనాతో పక్కపక్కన పోల్చి చూస్తారు.

ఇక డబ్బాలోని కాగితం. ఇలాంటి కాగితాల్లో మామూలుగా కనిపించేది ఎలుక పాదం వాపు పరీక్ష. 1962లో వెలువడిన పద్ధతి, ఇప్పటికీ దేశంలో చాలా ఫార్మసీ కాలేజీల్లో ఇదే చేస్తారు. సముద్రపు నాచు నుంచి తీసే క్యారాజీనన్ అనే జిగురును ఒక శాతం ద్రావణంగా కలిపి, ఎలుక వెనక పాదం అడుగున 0.1 మి.లీ. ఎక్కిస్తారు. దానికి గంట ముందే మందు నోటి ద్వారా ఇచ్చి ఉంచుతారు. పాదాన్ని గీత దాకా ద్రవంలో ముంచి, అది ఎంత ద్రవాన్ని పక్కకు తోసిందో గంటగంటకూ కొలుస్తారు. మొదటి గంట, గంటన్నరలో వచ్చే వాపు హిస్టమిన్, సెరటోనిన్ల వల్ల. మూడో గంట దగ్గర పెరిగేది ప్రోస్టాగ్లాండిన్ల వల్ల, డైక్లోఫెనాక్ లాంటి గోలీలు అడ్డుకునేది దాన్నే. అందుకే కాగితంలో మూడో గంట అంకె ఉందో లేదో చూడాలి. మొదటి గంట అంకె ఒక్కటే పెద్దక్షరాల్లో వేశారంటే మిగతావి చూపించదగ్గట్టు లేవన్నమాట.

శాతం లెక్క ఇలా వేస్తారు. మందివ్వని ఎలుకల పాదం సగటున 0.80 మి.లీ. ఉబ్బిందనుకుందాం, చెక్క సారం తాగినవాటిది 0.48. తేడా 0.32, అంటే 40 శాతం తగ్గింది. పక్కన డైక్లోఫెనాక్ ఇచ్చిన గుంపు అంకె లేకపోతే ఈ 40కి అర్థం లేదు, ఆ రోజు ప్రయోగం సరిగా నడిచిందో లేదో తెలియదు. ఎన్ని ఎలుకలో కూడా రాసి ఉండాలి. గుంపుకు ఆరు మామూలు. అంతకన్నా తక్కువైతే ఒక్క ఎలుక తేడాగా ఉన్నా సగటు ఎటో పోతుంది.

అంకెలన్నీ సక్రమంగానే ఉన్నాయనుకుందాం. అప్పుడైనా ఆ ఎలుకలు తాగింది మీ డబ్బాలోని పొడి కాదు. పొడిని మిథనాల్‌లోనో 70 శాతం ఆల్కహాల్‌లోనో మూడు రోజులు నానబెట్టి, వడగట్టి, ద్రావకాన్ని తక్కువ వేడి మీద ఆవిరి చేయగా మిగిలిన ముద్దను వాటికి తాగిస్తారు. ఆల్కహాల్‌లోకి అర్జునోలిక్ ఆమ్లం లాంటి ట్రైటర్పీన్లు బాగా దిగుతాయి. నీటిలోకి టానిన్లు దిగినంత తేలిగ్గా అవి దిగవు. ఇంట్లో కాచేది నీళ్ల కషాయం. చెట్టు ఒకటే, సరుకు రెండు.

మోతాదు దగ్గర తేడా ఇంకా కొడుతుంది. ఇలాంటి ప్రయోగాల్లో తరచూ వాడేది కిలో బరువుకు 400 మి.గ్రా. సారం. ఎలుక మోతాదును మనిషికి మార్చడానికి 6.2తో భాగిస్తారు, చిన్న జంతువులో మందు తొందరగా కరిగిపోతుంది కాబట్టి. 400ని 6.2తో భాగిస్తే కిలోకు దాదాపు 64.5 మి.గ్రా. 60 కిలోల మనిషికి 3.9 గ్రాముల సారం. వంద గ్రాముల చెక్క నుంచి 20 గ్రాముల సారం వస్తుందని లెక్కేసినా, అంత సారానికి 19 గ్రాముల పైన చెక్క కావాలి. ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రమాణాల ప్రభుత్వ గ్రంథం) ఈ చెక్క పొడికి చెప్పిన రోజు మోతాదు 3 నుంచి 6 గ్రాములు. డబ్బా మీద రాసేది ‘ఒక చెంచా’. అంటే ఎలుకలో చూపించిన పనిని ఒక చెంచాకు అంటగడుతున్నారు. పోనీ 19 గ్రాములూ మింగేద్దామంటే అంత టానిన్‌కు మొదట మొరాయించేది కడుపే.

కొన్ని కాగితాల్లో ఎలుకలు కూడా ఉండవు, గాజు గొట్టంలో చేసిన ‘ప్రోటీన్ డీనేచురేషన్’ పరీక్ష ఒక్కటే ఉంటుంది. గుడ్డు తెల్లసొనలోనో, అల్బుమిన్‌లోనో సారం కలిపి, వేడి చేస్తే తెల్లబారడం ఎంత తగ్గిందో చూస్తారు. చవక, జంతువుల మీద ప్రయోగానికి కావాల్సిన అనుమతి అక్కర్లేదు, ఒక పూటలో అయిపోతుంది. మద్దిచెక్కకు మాత్రం ఇది అసలు సరిపోని పరీక్ష. టానిన్ స్వభావమే ప్రోటీన్‌ను పట్టుకోవడం, తోళ్లు ఊనడానికి పనికొచ్చేది ఆ గుణమే. గొట్టంలో అల్బుమిన్‌ను టానిన్ పట్టేసుకుంటే వచ్చే అంకెకు, మోకాలి వాపుకు ఏ సంబంధమూ లేదు. ఇంకో కిటుకు: సారాన్ని నోటి ద్వారా ఇవ్వకుండా కడుపులోకి సూదితో ఎక్కించడం. అక్కడ పుట్టే మంటకే ఒళ్లు అటు తిరిగి పాదం వాపు తగ్గినట్టు కనిపించొచ్చు. మందు ఎలా ఇచ్చారో చెప్పే చోట ‘ఐ.పి.’ అని రాసి ఉంటే ఆ ఫలితాన్ని పక్కన పెట్టండి.

మనుషుల్లో ఏముంది? ఈ చెక్క మీద ఆసుపత్రుల్లో జరిగిన పని ఎక్కువగా గుండెకు సంబంధించింది. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో ఛాతీనొప్పి ఉన్న 58 మంది మగవాళ్లకు 500 మి.గ్రా. సారాన్ని ఎనిమిది గంటలకోసారి ఇచ్చి, గుండె గోలీతో పోల్చి చూశారు. అది సారం, పొడి కాదు. వ్యాధి ఛాతీనొప్పి, మోకాలు కాదు. డబ్బా కాగితం దాన్ని కూడా తన ఖాతాలో వేసుకుంటే నవ్వి ఊరుకోవాలి.

‘హాని లేదు’ అన్న వాక్యం వెనక సాధారణంగా ఓఈసీడీ అనే దేశాల కూటమి పెట్టిన 423వ నంబరు పద్ధతి ఉంటుంది. మూడేసి ఎలుకలకు ఒకేసారి కిలోకు 2000 మి.గ్రా. దాకా ఇచ్చి, 14 రోజులు గమనిస్తారు. ఏదీ చావకపోతే ‘2000 వరకు సురక్షితం’ అని రాసుకుంటారు. ఒక్కసారి తాగితే చావవు, అంతవరకే దాని అర్థం. రోజూ పొద్దున్నే మూడు నెలలు తాగితే కాలేయం, కిడ్నీ ఏమవుతాయన్నది వేరే ప్రశ్న. దానికి 28 రోజుల పరీక్ష 407, 90 రోజులది 408. వాటిలో బరువు, రక్తకణాలు, కాలేయపు ఎంజైములు, క్రియాటినిన్ చూసి, చివర్లో అవయవాల ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెడతారు. కాగితంలో 423 ఒక్కటే ఉండి, డబ్బా మీద ‘రోజూ వాడవచ్చు’ అని ఉంటే ఆ రెండింటికీ పొంతన లేదు.

ఇంకో మాట. ఈ పరీక్షలన్నీ చెట్టు గురించి చెప్తాయి, మీరు కొన్న బ్యాచ్ గురించి చెప్పవు. కొన్న సరుకులో సీసం ఉందా, బూజు ఉందా అన్నదానికి బ్యాచ్ రిపోర్టే ఆధారం. అందులో చూడాల్సిన అంకెలు: సీసం 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది) లోపు, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 లోపు. మొత్తం బ్యాక్టీరియా గ్రాముకు లక్ష లోపు, బూజు, ఈస్టు వెయ్యి లోపు. ఈ.కోలి, సాల్మొనెల్లా అసలు ఉండకూడదు. అంకెకు బదులు ‘బీడీఎల్’ అని ఉంటే పరికరం పట్టగలిగిన కనీసానికన్నా తక్కువ ఉందని. ఆ కనీసం ఎంతో రాయకపోతే ఆ మాటకు విలువ లేదు. రిపోర్టు మీది బ్యాచ్ నంబరు, డబ్బా మీది బ్యాచ్ నంబరు ఒకటేనా? ఎక్కువ కొట్లలో ఇక్కడే చేతులెత్తేస్తారు, రెండేళ్ల నాటి రిపోర్టు జిరాక్సు తీసి చూపిస్తారు.

అదే రిపోర్టులో బూడిద అంకె చూసి కొందరు హడలిపోతారు. మద్దిచెక్కలో మొత్తం బూడిద 25 శాతం దాకా ఉండొచ్చని ఫార్మకోపియానే ఒప్పుకుంటుంది. ఈ చెక్కలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు అంతగా ఉంటాయి మరి. అసలు చూడాల్సింది ‘ఆమ్లంలో కరగని బూడిద’. అది ఒక శాతం దాటితే ఇసుకో మన్నో ఉన్నట్టే. దీన్ని ఇంట్లోనూ అంచనా కట్టొచ్చు. పది గ్రాముల పొడిని గాజు గ్లాసులో 200 మి.లీ. నీళ్లలో కలిపి, అరనిమిషం ఆగి, తేలిన బురదనీళ్లు మెల్లగా వంచేయాలి. మళ్లీ నీళ్లు పోసి ఇలా నాలుగైదుసార్లు చేయాలి. చివరికి గ్లాసు అడుగున మిగిలినదాన్ని వేలితో గాజుకేసి రుద్దితే కరకరలాడుతుందా, మెత్తగా నలిగిపోతుందా తెలుస్తుంది. పది గ్రాముల్లో ఒక శాతమంటే 0.1 గ్రాము, చిటికెన వేలి గోరు మీద పట్టేంత. అడుగంతా పరుచుకుంటే ఆ డబ్బా వాపసు ఇచ్చేయడమే.

లైసెన్సు గురించి ఒక్క ముక్క. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు తిండి వస్తువుకు ఇచ్చేది. వాపులు తగ్గిస్తామని రాసి, ఆయుర్వేద తయారీ లైసెన్సు నంబరు లేకుండా ఆ నంబరు ఒక్కటే వేస్తే అది మందూ కాదు, తిండీ కాదు.

చెక్క కొనడానికి ఎండాకాలం మంచిది. వానల్లో వచ్చే సరుకు పైకి ఆరినట్టే ఉంటుంది, గోనెలో నాలుగు రోజులు ఉంటే లోపలి వైపు బూడిదపచ్చ మచ్చలు లేస్తాయి. ఆ మచ్చలున్నవి కడిగి ఎండబెట్టినా పనికిరావు. బూజు పోయినా అది వదిలిన విషం పోదు. తెచ్చిన చెక్కను బ్రష్షుతో దులిపి, గాలాడే నీడలో టక్కున విరిగేదాకా ఆరబెట్టి, గాజు సీసాలో పెట్టుకోవాలి. మొత్తం ఒకేసారి పొడి కొట్టొద్దు, వారానికి సరిపడా దంచుకుంటే చాలు. అంగడిలో మాను చుట్టూ గాజులా ఊడదీసిన వెడల్పు చెక్క కనిపిస్తే అది చచ్చిన చెట్టుదో, చావబోయే చెట్టుదో. ఆకుల నుంచి వేళ్లకు ఆహారం వెళ్లే దారి లోపలి బెరడులోనే ఉంది. ఒక పక్క నుంచి మాత్రమే గీరిన సన్నని పట్టీలు తెచ్చేవాళ్ల దగ్గరే కొంటే వచ్చే ఏడూ చెక్క దొరుకుతుంది.

కషాయానికి మెత్తటి పొడి వద్దు, బియ్యపు రవ్వంత బరకగా దంచాలి. పది గ్రాములకు 160 మి.లీ. నీళ్లు పోసి, మూత లేకుండా సన్నని మంట మీద 40 మి.లీ. మిగిలేదాకా కాయాలి. స్టీలు గిన్నె వాడాలి. ఇనప మూకుడులో కాస్తే నల్ల సిరా తయారవుతుంది. మెత్తటి పొడి వేస్తే అడుగంటుతుంది, గుడ్డలో దిగదు, తాగితే గొంతులో గరగరమంటుంది, మర్నాడు మలబద్ధకం. పాలతో చేసుకునే పద్ధతిలో శాస్త్రం చెప్పిన కొలత ఒక వంతు చెక్క, ఎనిమిది వంతులు పాలు, 32 వంతులు నీళ్లు. అంటే 5 గ్రాములకు 40 మి.లీ. పాలు, 160 మి.లీ. నీళ్లు. నీళ్లన్నీ ఇగిరి పాలు మిగలాలి. గ్లాసుడు చిక్కటి పాలల్లో చెంచా పొడి వేసి ఒక పొంగు రానిస్తే చెక్కలోది ఏదీ సరిగా దిగదు. పొడి ఎక్కువైతే పాలు విరుగుతాయి, అదీ టానిన్ పనే. చెంచా కొలత నమ్మొద్దు. మెత్తగా కొట్టిన పొడి ఒక తూకం, బరకది ఒక తూకం. చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కుంటే గొడవ వదులుతుంది.

ఐరన్ గోలీలు వేసుకునేవాళ్లు రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం పెట్టాలి, టానిన్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. రక్తం పలచబడే మందులు, బీపీ గోలీలు, గుండె మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడొద్దు. ఒకే కీలు ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే కషాయం కాస్తూ కూర్చోవద్దు. కీలులో చీము పట్టినా అలాగే ఉంటుంది, ఆ రోజే దవాఖానకు పోవాలి.

మార్కులు వేయమంటే: విడి చెక్కకు ఐదులో నాలుగు. ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే, వాపుకు పనిచేస్తుందన్న ధీమా ఈ మోతాదులో ఎవరూ ఇవ్వలేరు. బ్యాచ్ రిపోర్టు ఉన్న డబ్బాకు మూడు, కాగితం ఒక్కటే ఉన్న డబ్బాకు ఒకటి. మోకాళ్ల పొడికి సున్నా.

ఆ సున్నా ఎందుకో చెప్పాలి. ఇలాంటి నొప్పికి చెట్టు మందు పనిచేసినా మెల్లగానే పనిచేస్తుంది. ఏళ్ల నాటి నొప్పి రెండు రోజుల్లో మాయమైందంటే అందులో చెట్టు కాక ఇంకేదో ఉందని అనుమానించాలి. ఇలాంటి పొడుల్లో డెక్సామెథసోన్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ దంచి కలపడం మన దేశంలో పాత జబ్బే. వాడే మనిషిలో కనిపించే గుర్తులు: ముఖం గుండ్రంగా ఉబ్బడం, విపరీతమైన ఆకలి, షుగరు పెరగడం, చర్మం పల్చబడి చిన్న దెబ్బకే కమిలిపోవడం. మానేసిన మూడోనాటికి నొప్పి రెట్టింపై తిరిగొస్తుంది, దాంతో ‘మందు అంత గట్టిది’ అని మళ్లీ కొంటారు. వారాల తరబడి వాడినవాళ్లు దాన్ని ఒక్కసారిగా ఆపేయకూడదు. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఒంట్లోని అడ్రినల్ గ్రంథి తన పని మానేసి ఉంటుంది. చటుక్కున ఆపితే వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావడం కూడా జరగొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లి ఎన్నాళ్ల నుంచి, రోజుకు ఎంత అన్నది దాచకుండా చెప్పాలి, పొద్దుటి కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి తయారుచేసే హార్మోను) పరీక్ష చేయించాలా అని అడగాలి. మిగిలిన పొట్లం పారేయకుండా వెంట తీసుకెళ్లండి.